అపఠిత శిరోమణి

ఫుట్‌బాల్ మీద అచ్చయిన పుస్తకాలు, పత్రికలు, వార్షిక సంచికలు జంటనగరాల్లో నా దగ్గర ఉన్నన్ని మరెవరి దగ్గరా లేవు. ఒకప్పుడు వాటిలో నేను చదివింది ఒక్కటీ లేదు. మొదటి సంగతికి నన్నెవరూ మెచ్చుకోలేదు గానీ, రెండో సంగతికి శాలువా కప్పి 'అపఠిత శిరోమణి' అని బిరుదిచ్చారు. ఆ శాలువా బీరువాలోనే ఉంది. దాని మడత కూడా నేను మళ్ళీ విప్పలేదు.

నేను ఆటగాణ్ణి కాదని ముందే చెప్పేస్తే మంచిది. జీవితంలో ఒక్కసారే బంతిని తన్నాను. బంతి ఉన్నచోటే ఉంది, నా చెప్పు వెళ్ళి గోల్‌లో పడింది. అప్పట్నుంచీ మైదానానికి దూరంగా, కాగితానికి దగ్గరగా బతుకుతున్నాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, సికింద్రాబాద్‌లో చిన్న ఇల్లు, ఆదివారం పొద్దున కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల వేట. మా ఆవిడ అనసూయ దీన్ని రోగం అనేది, నేను అభిరుచి అనేవాణ్ణి. ఇద్దరం చెప్పుకునేది ఒకదాని గురించేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాలాంటి రోగులు ఇంకో నలుగురు అదే ఫుట్‌పాత్ మీద తగిలారు. వేట ముగిశాక ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్ళం. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన గట్టి అట్టల వార్షిక సంచికలు, కలకత్తా నుంచి రైలెక్కి వచ్చిన క్లబ్బుల సావనీర్లు, నడిపేజీలో రంగుల బొమ్మ ఎవరో పీకేసుకున్న వారపత్రికలు బల్ల మీద పరిచి, ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివేవాళ్ళం. ఆటగాళ్ళ ఆత్మకథల్లో చిన్ననాటి పేదరికం దాకా బాగుంటుందనీ, ఆటగాడు కారు కొన్న తర్వాత చదవక్కర్లేదనీ నా అభిప్రాయం. వార్షిక సంచికలకైతే వెనక పేజీల్లోనే అసలు రుచి. మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన పక్కనే ఆ నూనె వాడిన గోల్‌కీపరు నవ్వుతూ ఉంటాడు. మాలో హమీద్ భాయ్ అనే టైలరు చదువుతూ చదువుతూ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచేవాడు. అది విరిగి సరిగ్గా సెమీఫైనల్ మీద పడేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు. ఆ పేజీ అంటుకుంటే ఫలితం ఊహించుకునేవాళ్ళం.

ఇంత అనాగరికంగా బతుకుతున్న మమ్మల్ని ఉద్ధరించడానికి డాక్టర్ వామనమూర్తిగారు వచ్చారు. ప్రభుత్వ రికార్డుల శాఖలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. ఏదో పాత కాగితాల పరిరక్షణ శిబిరానికి వెళ్ళొచ్చి, ఆ వేడి చల్లారకముందే మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. హమీద్ భాయ్ బిస్కెట్ వంక చాలాసేపు చూసి, "ఇది పఠనం కాదు, హింస" అన్నారు.

అంత గొప్ప మాట మా మొహం మీద ఎవరూ అనలేదు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ వారమే 'జంటనగరాల ఫుట్‌బాల్ వార్షిక సంచికల పరిరక్షణ సమితి' పుట్టింది. ఆయన అధ్యక్షులు, నేను కార్యదర్శిని. నియమావళి రాసే పని నాకప్పగించారు. నా భాష బాగుంటుందని ఆఫీసులో కూడా అంటారు.

మొదటి నియమం చేతులు కడుక్కోవాలని. దాన్ని ఎవరూ కాదనలేదు. రెండోది చాయ్ నిషేధం. మూడోది చేతులకు తొడుగులు. తొడుగులతో పేజీ తిరగదు, బలవంతంగా తిప్పితే చిరుగుతుంది, కనుక పేజీ తిప్పరాదన్నది నాలుగోది. పేజీ తిప్పనప్పుడు పుస్తకం తెరవడం దండగ. కాబట్టి తెరవరాదన్నది అయిదోది. ప్రతి నియమం ముందు నియమం కడుపులోంచి సక్రమంగా పుట్టింది. రాసిన నాకే ఎక్కడా తప్పు దొరకలేదు.

తర్వాత తరగతులు వచ్చాయి. ఎన్నడూ తెరవని ప్రతి 'అపఠితం', అత్యుత్తమం. అట్ట కొంచెం ఎత్తి చూసింది 'ఈక్షితం'. చదివేసింది 'పఠితం', అంటే పరువు పోయినట్టే. అన్నిటికన్నా కింద, హమీద్ భాయ్‌ని దృష్టిలో పెట్టుకుని, 'చాయ్ పడినది' అనే తరగతి పెట్టాం. దానికి సంస్కృతం దొరకలేదు.

హమీద్ భాయ్ అదే రోజు తన సంచి భుజాన వేసుకుని లేచాడు. "మియా, చదువనీకి కాకపోతే గివన్ని దేనికి?" అని నన్నడిగాడు. పరిరక్షణకి అన్నాను. ఎవరి కోసం అన్నాడు. భావితరాల కోసం అన్నాను. వాళ్ళు చదువొచ్చునా అన్నాడు. నియమావళి వాళ్ళకూ వర్తిస్తుందని చెప్పాల్సి వచ్చింది. నా దగ్గరున్న పఠిత ప్రతులన్నీ ఆయనకే ఇచ్చేశాను. పీడ వదిలిందనుకున్నాను. చదివిన పుస్తకాలు ఇంట్లోంచి పోగానే, తెరవనివి మాత్రమే మిగిలిన నా బీరువా నిగనిగలాడింది. అప్పుడే నాకు శాలువా కప్పారు. ఇంటి ముందు నేమ్‌ప్లేటు మీద పేరు కింద బిరుదు చెక్కించుకున్నాను.

సమితి పేరు పెరిగింది. సభ్యత్వానికి జనం వచ్చారు, ఇంటర్వ్యూలు పెట్టాం. కరీంనగర్ నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. పాత లష్కర్ కప్పు ఫైనల్స్ గురించి ఏమైనా తెలుసా అని అధ్యక్షులు అడిగారు. పాపం, సంబరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు గెలిచారు, ఎవరు కొట్టారు, ఏ కాలితో కొట్టారు, అన్నీ చెప్పాడు.

అధ్యక్షులు కలం కింద పెట్టారు. "ఈ సమాచారం తమకు ఏ మార్గమున సంక్రమించినది?"

"చదివానండి" అన్నాడాయన.

దరఖాస్తు తిరస్కరించాం. ఆయన తర్వాత బట్టల కొట్టు యజమాని ఒకాయన వచ్చాడు. జట్టులో ఎంతమంది ఉంటారని అడిగితే, ఆ రోజు ఎంతమంది వస్తే అంతమంది అన్నాడు. అక్కడికక్కడే జీవిత సభ్యత్వం ఇచ్చాం. నేను మాత్రం ఇంటికెళ్ళి భయపడ్డాను. నా బుర్రలో ఇంకా పాత చదువు మిగిలి ఉంది. మర్చిపోవడానికి శ్రద్ధగా ప్రయత్నించాను. ఆఫీసులో పాలసీ నంబర్లు మర్చిపోగలిగాను గానీ, ఫైనల్స్ స్కోర్లు మాత్రం పోలేదు.

ఇక సమితికంతటికీ తలమానికం అనదగిన ప్రతి నా దగ్గర ఉంది. 'గోల్‌పోస్ట్ వార్షిక సంచిక'. లష్కర్‌లోనే, అంటే మా సికింద్రాబాద్‌లోనే, ఒక చిన్న ప్రెస్సులో అచ్చయింది. ఆ రోజుల్లో పెద్ద కాగితం మీద అచ్చుకొట్టి, మడతపెట్టి, కుట్టి, అంచులు కోయకుండానే అమ్మేవాళ్ళు. కొన్నవాళ్ళు కత్తితో మడతలు తెంపుకుని చదువుకునేవాళ్ళు. నా ప్రతికి ఆ మడతలు ఒక్కటీ తెగలేదు. అంటే నేనే కాదు, పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఎవ్వరూ చదవలేదు. అమ్ముడుపోని మిగతా ప్రతులు మిర్చి బజ్జీల బండ్లకెళ్ళాయని చెప్తారు. మొదటి పేజీలో విషయసూచిక ఒక్కటే బయటికి కనిపిస్తుంది. అందులో 'లష్కర్ కప్పు ఫైనల్, ఫొటోతో సహా' అని ఉంది. అధ్యక్షులు ఆ సంచికను చూసినప్పుడల్లా చేతులు జోడించేవారు.

ఇలా అన్నీ బాగున్న కాలంలో ఎదురింటి జకరయ్య కాకా మా గుమ్మం ఎక్కాడు.

కాకా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు బస్తీ జట్టుకి గోల్‌కీపరు. ఆ లష్కర్ కప్పు ఫైనల్లో బస్తీ ఒకే ఒక్క గోలుతో ఓడిపోయింది. బంతి కాకా చేతికి చిక్కిందనీ, గీత దాటలేదనీ ఆయన అంటాడు. దాటిందని రెఫరీ ఈల వేశాడు. బస్తీ రెఫరీనే నమ్మింది. ఆనాటి నుంచీ ఆయన్ని 'జల్లెడ జకరయ్య' అన్నారు. పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఆ మ్యాచ్ సంగతే తెలియని పాలవాడు కూడా జల్లెడ కాకా అనే పిలుస్తాడు. సంచిక వచ్చినప్పుడు సిగ్గుతో ఆయన కొనలేదు, చూడలేదు. చాలా ఏళ్ళకి ఒక పెళ్ళిలో ఆ ఫొటో తీసినాయన కనిపించి, బాల్ లైను దాటలేదు జకరయ్యా, నా ఫొటోలో ఉంది అన్నాడట. అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు పోయాడు, ప్రెస్సు పోయింది.

"నీ తాన ఉన్నదని హమీదు జెప్పిండు బిడ్డా" అన్నాడు కాకా. "డాక్టరు నా కండ్లు ఇంక ఎక్కువ దినాలు ఆగయన్నడు. పొర నల్లగైనంక ఆపరేషన్‌కు కూడ రాదంట. గందుకే జర గా ఫొటో సూపియ్యి. సూసి పోత."

నేను మంచివాణ్ణి కాబట్టి కాదనలేదు. దరఖాస్తు పెట్టుకోమన్నాను.

దరఖాస్తు మీద మూడు సమావేశాలు జరిగాయి. మడత కోయకుండా ఫొటో చూపించే ఉపాయం కోసం 'తొంగిచూపు ఉపసంఘం' వేశాం. మడత పైభాగాన సన్నటి సందు ఉంటుంది కదా, అందులోంచి చూడనివ్వవచ్చని ఉపసంఘం తేల్చింది. ఒక ఆదివారం పగలు సంచికను మఖ్మల్ గుడ్డ మీద పెట్టాం. ఇద్దరు సభ్యులు తొడుగుల చేతులతో సందును కొంచెం ఎడం చేసి పట్టుకున్నారు. టార్చి వేస్తే కాగితానికి హాని అని నియమం, అందుకని వేయలేదు. అసలే మసకబారిన కళ్ళతో కాకా ఒంగి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూశాడు. ఊపిరి వదలకూడదని కూడా నియమమే.

చాలాసేపటికి తలెత్తాడు. "ఒక మోకాలు కనవడ్తున్నది. నాదా, వానిదా ఎర్కలేదు" అన్నాడు.

అధ్యక్షులు నా వైపు తిరిగి రాసుకోమన్నారు. "దరఖాస్తుదారు సంచిక యందలి ఒక మోకాలిని స్వయముగా దర్శించినారు. కావున వారి కోరిక పాక్షికముగా సఫలమైనట్లు సమితి భావించుచున్నది." రాసుకున్నాను.

మిగిలిన పాక్షికం కోసం చివరి సమావేశం జరిగింది. మడత కోస్తే అపఠితం పఠితమైపోతుంది, సమితి తలమానికం పోతుంది, రేపు ఇంకొకరు ఇంకో మోకాలు అడుగుతారు. అలాగని వృద్ధుడి కోరిక కాదన్నామన్న చెడ్డపేరూ రాకూడదు. అందరం తలలు పట్టుకున్నప్పుడు అధ్యక్షులు మార్గం చెప్పారు. వైద్యుల మాట ప్రకారం త్వరలో దరఖాస్తుదారు చూపు పూర్తిగా పోతుంది. చూపు లేనివాడి ముందు పుస్తకం తెరిచినా, దాన్ని చూడటమని గానీ చదవటమని గానీ అనలేం. కాబట్టి అంతవరకూ ఆగి, ఆ తర్వాత సంచికను ఆయన ముందు పెట్టి గౌరవించవచ్చు. అప్పుడు ఎలాగూ కోయనక్కర్లేదు.

బట్టల కొట్టాయన చప్పట్లు కొట్టాడు. తీర్మానం నేను రాశాను. 'నిరభ్యంతరముగా' అన్న మాట నేనే చేర్చాను. చదువుకుంటే నా రాతకి నాకే ముచ్చటేసింది.

ఆ కాగితం పట్టుకుని సాయంత్రం కాకా ఇంటికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అనసూయ అప్పుడే కూర గిన్నె ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉంది. కాకా కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరం పెట్టుకుని, చివరికి నాకే ఇచ్చాడు. "అక్షరాలు అలుక్కపోతున్నయ్. నువ్వే సదువు" అన్నాడు.

చదివాను. సమావేశంలో అంత సొంపుగా ఉన్న తీర్మానం ఆ గదిలో వినడానికి బాగాలేదు. 'నిరభ్యంతరముగా' అన్న మాటను గబగబా దాటేశాను. చదువుతుంటే మొహం కాలిపోయింది, కాగితం కిందికి దించలేకపోయాను.

కాకా మొత్తం విన్నాడు. "మంచిగ రాసిండ్రు" అన్నాడు నెమ్మదిగా. "అంటే కండ్లు పోయినంక సూపిస్తరు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక అనసూయ వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి తెచ్చి, నా బీరువా తాళాల పక్కన పెట్టింది.

"చదవనందుకు మీకు బిరుదిచ్చిండ్రు" అంది. "కొయ్యకుండ్రి అని చేతులు కట్టెయ్యలేదు గద."

మర్నాడు పొద్దున్నే కాకాని మా వరండాలోకి తీసుకొచ్చి ఎండ పడే చోట కూర్చోబెట్టాం. సంచిక తెచ్చాను. తొడుగులు వేసుకోబోతుంటే అనసూయ చూసిన చూపుకి మానేశాను. మడతలో కత్తి పెట్టాను. అబద్ధం ఎందుకు, అప్పుడు కూడా నా మనసులో తిరిగింది కాకా కళ్ళు కాదు, నేమ్‌ప్లేటు. మడత మెత్తగా, సర్రున తెగింది. అన్నేళ్ళు కాపాడిన కాగితం అరటాకు కన్నా సులువుగా తెగిందని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఫొటో పేజీకి పైభాగమంతా ఉంది. అనసూయ భూతద్దం ఇచ్చింది. కాకా పేజీని ఎండకి తిప్పి, ముక్కు ఆనేలా ఒంగి, అంగుళం అంగుళం జరుపుకుంటూ చూశాడు. నేను పక్కనుంచి ఒక్కసారే చూశాను. అది చాలు. కుర్రాడు జకరయ్య గాల్లో అడ్డంగా దూకి ఉన్నాడు. రెండు చేతులూ బంతి మీదే ఉన్నాయి. బంతి మాత్రం గీతకి అవతల, బాగా అవతల ఉంది.

కాకా భూతద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. వీధిలో పాలవాడు ఎవరినో పిలుస్తున్నాడు.

"గోలే బిడ్డా" అన్నాడు. "గాయన పెండ్లిల నా మనసు నొప్పియ్యొద్దని జెప్పినట్టున్నడు."

నాకు అంతకు ముందెన్నడూ లేనంత సిగ్గేసింది. మూసి ఉన్నన్నాళ్ళూ ఆ సంచికలో కాకా గెలిచే ఉన్నాడు. కోసి ఓడించింది నేను. అప్పుడు కాకా నా వైపు తిరిగి, పరిహాసమో కాదో తేలని గొంతుతో అడిగాడు.

"మీ సంఘంల రూళ్ళన్ని నువ్వే రాసినవంట గద. మల్ల సదవనట్టు జేసే రూలేమన్న ఉన్నదా?"

నియమావళి అంతా మనసులో వెతికాను. చేతులు, చాయ్, తొడుగులు, ఊపిరి, అన్నిటికీ నియమం రాశాను. ఇది మాత్రం నాకు తట్టలేదు. లేదు కాకా అన్నాను.

"ఆ పేజీల ఫొటో ఒక్కటే ఉన్నదా?" అని అనసూయ అడిగింది. "కింద గంత రాసి ఉంటే, ఎవరన్నా చదువుతరా లేదా?"

నిజమే, ఫొటో కింద రెండు నిలువు వరుసల్లో మ్యాచ్ వివరం ఉంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. చాలా కాలంగా చదవలేదు కదా, మొదటి రెండు వాక్యాలు గొంతు సవరించుకుంటూ చదివాను. ఎండ, దుమ్ము, జనం, ముఖ్య అతిథి గురించి ఉంది. తర్వాత బస్తీ ఫార్వర్డులు బంతిని చూసి భయపడ్డారని ఉంది. ఆ తర్వాత పేరా ఇలా ఉంది, నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. "ఒక జట్టులో పదకొండు మంది ఆడారు. రెండో జట్టులో గోల్‌కీపర్ జకరయ్య ఒక్కడే ఆడాడు. అతడు ఆపిన బంతుల్ని లెక్కపెట్టలేక మేము మానేశాము. ఒకటి దాటిపోయింది. అది కూడా అతని చేతుల్లో ఉండగానే దాటింది. కప్పు గెలిచినవారికి ఇచ్చారు. మమ్మల్ని అడిగి ఉంటే ఇంకొకరికి ఇచ్చేవాళ్ళము."

ఇన్నేళ్ళూ ఇది నా బీరువాలో, నాఫ్తలీన్ ఉండల మధ్య, నా కాపలాలో ఉంది. ఎదురింట్లో మనిషిని జల్లెడ అని పిలుస్తుంటే నేనూ విన్నాను. రెండిటికీ మధ్య నా శాలువా ఉంది.

కాకా మొహం చూడ్డానికి ధైర్యం చాలక పేజీ వైపే చూస్తూ ఉన్నాను.

"ఇంకోపారి సదువు" అన్నాడు.

చదివాను. అనసూయ చాయ్ తెచ్చింది. కాకా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, చూపు ఆనక, కిందపెట్టే చోటు కోసం తడుముకుని, సరిగ్గా ఆ పేజీ మీద పెట్టాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. అనసూయ నా చెయ్యి వంక చూసింది. దించేసి, మూడోసారి చదవడం మొదలుపెట్టాను.

సమితి నన్ను బహిష్కరించింది. తీర్మానంలో భాష ఏమీ బాగాలేదు, రాసేవాళ్ళు లేరు కదా. బిరుదు వెనక్కి తీసుకున్నారు. నేమ్‌ప్లేటు మీద ఆ అక్షరాలు గీకించాను గానీ మచ్చ పోలేదు. సంచికను అధికారికంగా 'చాయ్ పడినది' తరగతిలో చేర్చారు. పరిశీలనకు వచ్చిన డాక్టర్ వామనమూర్తిగారు గుండ్రటి మరకను కొలిచి, తొడుగుల చేత్తో సంచిక మూశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ వ్యాసం చివర ఏమని ముగిసినది అని అడిగారు. చదువుతాను, కూర్చోండి అన్నాను. గబగబా మెట్లు దిగిపోయారు.

ఇప్పుడు ఆదివారాలు మా వరండాలోనే కూర్చుంటున్నాం. హమీద్ భాయ్ నా పఠిత ప్రతులన్నీ సంచిలో వేసుకుని తిరిగి వచ్చాడు, బిస్కెట్లు కూడా తెస్తాడు. కాకా కళ్ళు డాక్టరు చెప్పినట్టే అయిపోయాయి. అన్నీ చదివాక చివర్లో ఆ పేరా చదవాలి, అది ఆయన రూలు. పాలవాణ్ణి కూడా అప్పుడే రమ్మంటాడు. నాకది కంఠతా వచ్చేసింది కదా అని, మొన్న సంచిక తెరవకుండా అప్పజెప్పబోయాను.

కాకా చెయ్యి చాపి నా ఒళ్ళో తడిమాడు. పుస్తకం తగల్లేదు.

"శిరోమణి సారూ" అన్నాడు. "సూసి సదువుండ్రి."